ఆన్‌లైన్ ట్యూటర్ దగ్గర ఇంగ్లీషు రాయడం నేర్చుకోవాలంటే: మొదటి శాంపిల్ నుంచి రెండో డ్రాఫ్టు దాకా

"అన్నా, మాట్లాడటం ఏదో నెట్టుకొస్తున్నా. మెయిలు రాయమంటే మాత్రం చేతులు ఆడట్లేదు. ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరైనా చేరమంటావా?" ఈ మధ్య నెలకి ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పలేక మొత్తం ఒకచోట రాస్తున్నాను.

నేను ఇంగ్లీషు మాస్టారిని కాదు. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఆఫీసులో డాక్యుమెంట్లు, బయ్యర్ల మెయిళ్లు చూసుకుంటాను. రెండుసార్లు ట్యూటర్‌ని పెట్టుకున్నాను. మొదటిసారి డబ్బు పోయింది, రెండోసారి పని జరిగింది.

మొదటాయన నేను పంపిన మెయిలు ప్రతిదీ చక్కగా తిరగరాసి పంపేవాడు. దాన్నే కాపీ చేసి బయ్యర్‌కి పంపేవాణ్ణి. మూడు నెలల ఫీజు ముందే కట్టాను. ఆరో వారానికల్లా ఆయన మెసేజీలకి జవాబివ్వడం మానేశాడు. ఆ మర్నాడు సొంతంగా రాసిన మెయిలు చూసుకుంటే, ఆయన దగ్గర చేరకముందు రాసినట్టే ఉంది. అదే నాకు ఎక్కువ బాధేసింది.

రెండో ట్యూటర్ రిటైరైన లెక్చరర్ మేడమ్. ఆవిడ నా వాక్యం ఒక్కటి కూడా దిద్దలేదు. కింద గీత గీసి "ఇక్కడేదో ఉంది, చూడు బాబూ" అనేవారు. నేనే దిద్దుకుని మళ్లీ పంపాలి. కింద రాసిందంతా ఈ ఒక్క పద్ధతి చుట్టూనే తిరుగుతుంది: తప్పు చూపించడం ట్యూటర్ పని, దిద్దడం మీ పని.

1. ఏం రాయడానికో ముందు తేల్చుకోండి

"ఇంగ్లీషు ఇంప్రూవ్ అవ్వాలి" అని వెళ్తే ట్యూటర్ తన దగ్గరున్న పాఠాలేవో మొదలుపెడతాడు. మీ అవసరం ఏంటో మీరే చెప్పాలి.

ఐఈఎల్‌టీఎస్ (విదేశాల్లో చదువుకి, ఉద్యోగానికి రాసే ఇంగ్లీషు పరీక్ష) కోసమైతే రైటింగ్ 60 నిమిషాలు. టాస్క్ 1 కనీసం 150 పదాలు, టాస్క్ 2 కనీసం 250 పదాలు, స్కోరులో టాస్క్ 2 బరువు రెట్టింపు. అకడమిక్ వాళ్లకి టాస్క్ 1 గ్రాఫో చార్టో వస్తుంది, జనరల్ ట్రైనింగ్ వాళ్లకి ఉత్తరం వస్తుంది. మార్కులు నాలుగు అంశాలకి సమానంగా వేస్తారు: అడిగినదానికి జవాబు చెప్పారా, చెప్పింది ఒక వరసలో ఉందా, మాటల ఎంపిక, వ్యాకరణం. విజయవాడ బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల కన్సల్టెన్సీల్లో తిరిగేవాళ్లకి ఇదంతా నోటికొచ్చు. కానీ ట్యూటర్‌ని ఈ నాలుగింటికీ విడివిడిగా బ్యాండ్ (స్కోరు) చెప్పమని అడిగేవాళ్లు తక్కువ. "ఓవరాల్ 6 రావచ్చు" అన్న మాటతో మీరు చేయగలిగిందేమీ లేదు.

సివిల్స్ రాసేవాళ్ల సంగతి వేరు. యూపీఎస్సీ మెయిన్స్‌లో ఇంగ్లీషు పేపర్ 300 మార్కులు, 25 శాతం తెచ్చుకుంటే చాలు, ర్యాంకులో కలవదు. దానికి నెలల తరబడి ట్యూటర్ అక్కర్లేదు. నాలుగు ప్రెసీలు (పెద్ద భాగాన్ని కుదించి రాసేవి), రెండు వ్యాసాలు దిద్దించుకుని మీ చదువు మీరు చూసుకోండి.

మిగతావాళ్లలో ఎక్కువమందికి కావలసింది ఆఫీసు మెయిళ్లు, రిపోర్టులు, ఉద్యోగాల దరఖాస్తులు. ఈ వాక్యాన్ని ఒక కాగితం మీద పూర్తి చేసి పెట్టుకోండి: "నేను ఫలానా వాళ్లకి, ఫలానాది, ఇన్ని పదాల్లో, ఇంత టైములో రాయగలగాలి." నాది ఇలా ఉండేది: "విదేశీ బయ్యర్‌కి, షిప్‌మెంట్ గురించి, 100 పదాల లోపు, పావుగంటలో, ఎవరికీ చూపించకుండా."

2. ట్యూటర్‌ని వెతక్కముందే శాంపిల్ రాయండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. శాంపిల్ లేకుండా ట్రయల్ క్లాసుకి వెళ్తే ఆ అరగంటా పలకరింపులతోనే పోతుంది.

మూడు శాంపిళ్లు కావాలి. మూడూ ఒకే రోజు వద్దు.

ఒకటి, మీ అవసరానికి సంబంధించినది: మెయిలో, టాస్క్ 2 వ్యాసమో. రెండు, జరిగిన సంగతి ఒకటి: "నిన్న ఆఫీసులో ఏం జరిగింది" లాంటిది. భూతకాలంలో మీరు ఎక్కడ తడబడతారో ఇందులో తెలిసిపోతుంది. మూడు, ఒక అభిప్రాయం, కారణాలతో సహా. వాక్యాన్ని వాక్యానికి ఎలా అతుకుతున్నారో ఇందులో కనిపిస్తుంది. ఒక్కోటి 150 పదాలు చాలు.

కాగితం మీద రాయడం మేలు. ఫోన్లో రాస్తే కీబోర్డే సగం వాక్యం అందించేస్తుంది. కంప్యూటర్‌లో గూగుల్ డాక్స్ వాడితే, టూల్స్ మెనూలోకి వెళ్లి స్పెల్లింగ్, గ్రామర్ సూచనలు రెండూ ఆపేయండి. తప్పులు దిద్దే గ్రామర్లీ ఉంటే అదీ ఆపండి. చాట్‌జీపీటీ జోలికి అసలు పోవద్దు. జ్వరం చూసే ముందు మాత్ర వేసుకుంటే థర్మామీటర్ ఏం చెబుతుంది?

రాశాక బాగుచేయాలని అనిపిస్తుంది. ఆగండి. అక్షరదోషాలతో సహా అలాగే ఉంచండి.

పైసా ఖర్చు లేకుండా స్థాయి తెలుసుకోవాలంటే కేంబ్రిడ్జ్ వాళ్ల "రైట్ అండ్ ఇంప్రూవ్" సైటు ఉంది. రాసింది అతికిస్తే ఏ2, బీ1, బీ2 అని (ఏ కింది మెట్టు, సీ పై మెట్టు) సుమారు స్థాయి చెబుతుంది. బరువు చూసుకునే మిషన్ లాంటిది, అంతవరకే వాడుకోండి.

శాంపిల్ చెక్‌లిస్టు:
☐ మూడు శాంపిళ్లు, మూడు వేర్వేరు రోజుల్లో
☐ ప్రతిదాని పైన తేదీ, పట్టిన టైము
☐ కంపెనీ పేరు, బయ్యర్ పేరు, రేట్లు, ఫోన్ నంబర్లు తీసేశారా? ఆఫీసు మెయిలు బయటివాళ్లకి చూపిస్తున్నామన్నది మర్చిపోకండి
☐ ఒక కాపీ విడిగా దాచారా? చివరి మెట్టులో మళ్లీ కావాలి

3. మన తప్పులకి తెలుగు మూలం పట్టుకోండి

ట్యూటర్‌కి పంపేముందు మీ శాంపిళ్లు మీరే ఒకసారి చదవండి. దిద్దడానికి కాదు, గుర్తుపట్టడానికి. మన తప్పుల్లో చాలావాటికి తెలుగు వాక్యమే అచ్చు. ఆ అచ్చు కనిపిస్తే సగం పని అయిపోయినట్టే.

"ఉంది" అనే మాట. "మా దగ్గర పది టన్నుల సరుకు ఉంది" అని మనసులో అనుకుని "వి ఆర్ హ్యావింగ్ టెన్ టన్స్" అని రాస్తాం. "వి హ్యావ్ టెన్ టన్స్" చాలు. సొంతం చెప్పే "హ్యావ్"కి, "నో" (తెలుసు), "నీడ్" లాంటివాటికి ఆ "ఇంగ్" తోక అక్కర్లేదు.

"గురించి". "దాని గురించి చర్చించాం" కాబట్టి "డిస్కస్డ్ అబౌట్ ఇట్". ఇంగ్లీషులో "డిస్కస్" కడుపులోనే ఆ "గురించి" ఉంది. "మెన్షన్" కూడా అంతే.

"అయినా... కానీ". వర్షం పడినా లోడింగ్ చేశాం అనడానికి "ఆల్‌దో ఇట్ రెయిన్డ్, బట్ వి లోడెడ్" అని రెండూ తగిలిస్తాం. ఆల్‌దో ఉంటే బట్ వద్దు, బట్ ఉంటే ఆల్‌దో వద్దు.

"నిన్ననే పంపాం". ఆ "ఏ" కోసం "ఎస్టర్‌డే ఓన్లీ" అంటాం. పైగా "వి హ్యావ్ సెంట్ ఎస్టర్‌డే" అని ఇంకో తప్పు. నిన్న, పోయిన వారం, 2021లో అని టైము చెప్పేశాక "హ్యావ్" రాకూడదు: "వి సెంట్ ఇట్ ఎస్టర్‌డే."

"ఎందుకు ఆలస్యమైందో తెలియదు". దీన్ని "ఐ డోంట్ నో వై ఈజ్ ఇట్ లేట్" అని రాస్తాం. వాక్యం మధ్యలోకి వచ్చిన ప్రశ్న తన ప్రశ్న వేషం తీసేయాలి: "వై ఇట్ ఈజ్ లేట్."

ఇక ఆర్టికల్స్, అంటే "ఎ", "యాన్", "ద". తెలుగులో లేవు కాబట్టి మనకి వాటి లోటు తెలియదు. మేడమ్ చెప్పిన మోటు పరీక్ష ఒకటుంది. ఒక్కటిగా లెక్కపెట్టగలిగే వస్తువు వచ్చినప్పుడల్లా తెలుగులో "ఏదో ఒక" అని పెట్టి చూడు, కుదిరితే "ఎ". "మనం అనుకున్న ఆ" అని పెట్టి చూడు, కుదిరితే "ద". ఏదీ పెట్టకుండా మాత్రం వదలకు. నూటికి నూరుపాళ్లూ పనిచేయదు గానీ, ఖాళీగా వదిలేయడం కన్నా చాలా నయం.

చివరిది, నా సొంత జబ్బు: గొలుసు వాక్యం. "యార్డుకి వెళ్లి, శాంపిల్ తీసి, ల్యాబుకి పంపి, రిపోర్టు రాగానే మీకు మెయిలు పెడతాం" అని తెలుగులో ఒక్క ఊపిరిలో చెప్పొచ్చు, అందంగానే ఉంటుంది. ఇంగ్లీషులో అదే పనిచేస్తే "అండ్"లతో, "సో"లతో తోరణం అవుతుంది. రెండు మూడు ముక్కలు చేయాల్సిందే.

ఇవి కాక మన ఆఫీసుల్లో పుట్టి పెరిగిన మాటలు కొన్ని ఉన్నాయి. "ఐ హ్యావ్ ఎ డౌట్" అంటే మనకి చిన్న సందేహం. విదేశీ బయ్యర్‌కి మనం అతన్ని నమ్మట్లేదేమో అనిపించవచ్చు. "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్" అనాలి. "లాఖ్", "క్రోర్" మన దేశం దాటితే చాలామందికి అర్థం కావు. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో చవగ్గా దొరికే లెటర్ రైటింగ్ గైడ్లు ఉంటాయి చూశారూ, "ఐ బెగ్ టు స్టేట్" అని మొదలయ్యేవి, వాటిని చూసి మెయిలు రాయకండి. నా దగ్గరా రెండున్నాయి. సరదాగా చదువుకోవడానికి బాగుంటాయి.

4. ట్యూటర్‌ని వెతకడం

ప్రెప్లీ, ఐటాకీ లాంటి సైట్లలో ధర, భాష, టైము పెట్టి వడపోయవచ్చు. తెలిసినవాళ్ల ద్వారా దొరికే లెక్చరర్లూ ఉంటారు. ఎక్కడ వెతికినా మొదట తేల్చుకోవాల్సింది తెలుగు తెలిసినవాళ్లా, విదేశీయులా అన్నది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ వాక్యాల్లో పై మూలాలు ఇంకా కనిపిస్తుంటే తెలుగు తెలిసిన ట్యూటర్ మేలు. "వి ఆర్ హ్యావింగ్" ఎక్కడి నుంచి ఊడిపడిందో ఆవిడకి ఒక్క చూపులో తెలుస్తుంది. ఆ తప్పులు తగ్గాక, వాక్యం సరైనదే కానీ మోటుగా ఉందా, మర్యాదగా ఉందా అన్న దశలో విదేశీ ట్యూటర్‌కి డబ్బు పెట్టండి. మొదటి రోజే "నేటివ్ స్పీకర్" అన్న బోర్డు చూసి పరిగెత్తకండి.

బ్రిటన్ వాళ్లతో పెట్టుకుంటే గడియారం సంగతి గుర్తుంచుకోండి. వాళ్ల చలికాలంలో మనకన్నా అయిదున్నర గంటలు వెనక, ఎండాకాలంలో నాలుగున్నర. మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబర్ ఆఖరి ఆదివారం వాళ్లు గడియారం మారుస్తారు, మనం మార్చం. ఆ వారాల్లో క్లాసు టైము మరోసారి అడిగి ఖాయం చేసుకోండి.

ప్రొఫైల్లో వెతకాల్సిన మాట "కన్వర్జేషన్" కాదు, "రైటింగ్ ఫీడ్‌బ్యాక్". గంటసేపు కబుర్లు చెబితే నోరు తిరుగుతుందేమో గానీ చెయ్యి తిరగదు.

5. ట్రయల్ క్లాసు: అరగంటలో ఏం చూడాలి

క్లాసుకి రెండు రోజుల ముందు ఒక్క శాంపిల్ మాత్రమే పంపండి, మొదటిది. దానితోపాటు ఈ నాలుగు ముక్కలు రాయండి: నా అవసరం ఇది, దయచేసి తిరగరాయకండి, తప్పు ఉన్నచోట గీత గీయండి, క్లాసులో నేనే దిద్దడానికి ప్రయత్నిస్తాను.

ఇక క్లాసులో ట్యూటర్ మాటలకన్నా చేతలు చూడండి.

☐ శాంపిల్ ముందే చదివి వచ్చారా, అప్పుడే తెరుస్తున్నారా?
☐ "ఇది ఎందుకు తప్పు?" అని అడిగితే కారణం చెప్పారా? లేక "అలా అనరు, అంతే" అన్నారా?
☐ మీరు దిద్దుకునేదాకా ఆగారా? పది సెకన్లు మౌనంగా ఉండగలిగిన ట్యూటర్ దొరికితే వదలకండి
☐ వ్యాకరణమేనా, అసలు విషయం అర్థమైందా లేదా అన్నదీ మాట్లాడారా?
☐ అరగంటలో మీరు కనీసం ఒక వాక్యమైనా మళ్లీ రాశారా?

కనీసం మూడింటికి "అవును" రాకపోతే ఇంకొకరిని చూడండి. మొహమాటం పడొద్దు. చీర కొనడానికి బీసెంట్ రోడ్డులో పది షాపులు తిరుగుతాం, దీనికి ఇద్దర్ని చూస్తే తప్పా?

6. డబ్బు, ఒప్పందం

త్వరగా చెప్పేస్తాను. మొదటి నెల వారం వారం కట్టండి. ఎంత డిస్కౌంటు ఇస్తామన్నా మూడు నెలల ప్యాకేజీ వద్దు. చేతులు కాల్చుకుని చెబుతున్నాను.

ఫీజు గంటకి ఎంత అన్నది సగం లెక్కే. గంటకి 600 తీసుకుని మీ రెండు డ్రాఫ్టులూ చదివే ట్యూటర్, 300 తీసుకుని ఏదీ చదవని ట్యూటర్ కన్నా చవక. క్లాసు బయట చదవడానికి పట్టే టైము ఫీజులో కలిసే ఉందా, విడిగా అడుగుతారా అన్నది ముందే తేల్చుకోండి. క్లాసు రద్దు చేయాలంటే ఎన్ని గంటల ముందు చెప్పాలో కూడా.

డబ్బు కట్టడానికి ఓటీపీ చెప్పమన్నా, ఫోన్లో స్క్రీన్ షేర్ చేసే యాప్ వేసుకోమన్నా ఫోన్ పెట్టేయండి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ నేరాల హెల్ప్‌లైన్.

7. వారం ఎలా నడవాలి

రాత నేర్చుకోవడానికి వారానికి ఒక్క లైవ్ క్లాసు, అదీ 40 నిమిషాలు, చాలు. మిగతా పనంతా క్లాసు బయటే. మా క్రమం ఇదీ:

సోమవారం రాత్రి: మొదటి డ్రాఫ్టు, 120 నుంచి 150 పదాలు. గూగుల్ డాక్‌లో పెట్టి ట్యూటర్‌కి "కామెంటర్" అనుమతి మాత్రమే ఇవ్వండి, "ఎడిటర్" ఇవ్వకండి. కామెంటర్‌గా ఉన్నవాళ్లూ సూచనల రూపంలో దిద్దగలరు కాబట్టి, కామెంట్లు మాత్రమే పెట్టమని ముందే అడగండి.

బుధవారానికల్లా: ట్యూటర్ గుర్తులు. వాక్యాలు వద్దు, గుర్తులే. మేం పెట్టుకున్నవి ఇవి: "ఆ" అంటే ఆర్టికల్. "కా" అంటే కాలం, క్రియ. "ప్రె" అంటే ప్రెపొజిషన్ (ఇన్, ఆన్, బై లాంటివి). "మా" అంటే మాట సరిపోలేదు. "గొ" అంటే గొలుసు, ముక్కలు చెయ్యి. ప్రశ్నార్థకం అంటే చదివేవాడికి అర్థం కాలేదు.

గురువారం: రెండో డ్రాఫ్టు. పాతదాని మీద కెలక్కుండా కింద మళ్లీ మొదటి నుంచి రాయండి. ఇది ఎగ్గొట్టారా, ఆ వారం ఫీజు బూడిదలో పోసిన పన్నీరు.

శనివారం: లైవ్ క్లాసు. రెండో డ్రాఫ్టులో కూడా మిగిలిన తప్పుల గురించే మాట్లాడాలి. మీరే దిద్దుకున్నవాటి మీద టైము పెట్టొద్దు.

ఆదివారం: పావుగంట, తప్పుల పుస్తకం. దాని సంగతి కింద ఉంది.

8. ఒక మెయిలు, మూడు రౌండ్లు

ఇది నిజంగా ఎలా ఉంటుందో నా మెయిలే చూపిస్తాను. సెప్టెంబర్‌లో వర్షాలకి లోడింగ్ నాలుగు రోజులు ఆగింది. నేను రాసింది ఇదీ (అందులో సరుకు, తొడిమ తీసిన తేజ రకం మిర్చి):

"డియర్ సర్, యాజ్ డిస్కస్డ్ అబౌట్ ద తేజ స్టెమ్‌లెస్, వి ఆర్ హ్యావింగ్ ద స్టాక్ ఓన్లీ, బట్ డ్యూ టు రెయిన్స్ లోడింగ్ గాట్ డిలే, సో షిప్‌మెంట్ మే గో బిట్ లేట్, కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్ బ్యాక్."

నా లెక్కలో అందులో అయిదారు వ్యాకరణ తప్పులున్నాయి. మేడమ్ వాటిలో ఒక్కటీ ముట్టుకోలేదు. చివర ఒక ప్రశ్నార్థకం పెట్టి అడిగారు: "బాబూ, ఇది చదివిన మనిషి లేచి ఏం చెయ్యాలి?"

"ఎల్‌సీలో (వాళ్ల బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రం, లెటర్ ఆఫ్ క్రెడిట్) షిప్‌మెంట్ ఆఖరి తేదీ పొడిగించమని వాళ్ల బ్యాంకుకి చెప్పాలి మేడమ్. ఆ తేదీ దాటాక సరుకు ఎక్కితే బ్యాంకు డాక్యుమెంట్లలో తేడా ఉందంటుంది, డబ్బు ఆగిపోవచ్చు."

"ఆ మాట ఇందులో ఎక్కడుంది?"

వెతికాను. లేదు. "నీడ్‌ఫుల్" అన్న ఒక్క మాట వెనక మొత్తం పనిని దాచేశాను. నాకు తెలుసు కాబట్టి ఆయనకీ తెలుసనుకున్నాను.

రెండో రౌండు: "అవర్ లోడింగ్ ఈజ్ డిలేడ్ ఫోర్ డేస్ బికాజ్ ఆఫ్ రెయిన్స్. ప్లీజ్ ఎక్స్‌టెండ్ లేటెస్ట్ షిప్‌మెంట్ డేట్ ఇన్ ఎల్‌సీ అప్ టు 5/10."

ఇప్పుడు గుర్తులు పడ్డాయి. "ఫోర్ డేస్" ముందు "ప్రె". "లేటెస్ట్" ముందు, "ఎల్‌సీ" ముందు "ఆ". 5/10 కింద గీత, పక్కన "ఏ దేశం వాళ్లు?" అని. అమెరికా వాళ్లు నెల ముందు రాస్తారు. అక్కడి మనిషి దీన్ని మే 10 అని చదువుకుంటాడు.

మూడో రౌండు: "రెయిన్ హ్యాజ్ డిలేడ్ అవర్ లోడింగ్ బై ఫోర్ డేస్. ద స్టాక్ ఈజ్ రెడీ. ప్లీజ్ ఎక్స్‌టెండ్ ద లేటెస్ట్ షిప్‌మెంట్ డేట్ ఇన్ ద ఎల్‌సీ టు 5 అక్టోబర్, అండ్ సెండ్ అస్ ద అమెండ్‌మెంట్ కాపీ బై మండే."

ఇందులో కష్టమైన మాట ఒక్కటీ లేదు. మూడు వాక్యాలూ నావే. మొదటి ట్యూటర్ అయితే ఇంతకన్నా సొగసుగా రాసి రెండు నిమిషాల్లో పంపేవాడు. నేను ఇప్పటికీ 5/10 అనే రాస్తూ ఉండేవాణ్ణి.

9. తప్పుల పుస్తకం

200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. ఫోన్లో వద్దు. ప్రతి తప్పుకీ నాలుగు గళ్లు: తేదీ, నా వాక్యం, గుర్తు, నేను దిద్దిన వాక్యం. దాని కింద అదే పద్ధతిలో కొత్త వాక్యం ఒకటి, మీ సొంత పని నుంచి.

అన్ని తప్పులూ ఎక్కించకండి. వారానికి అయిదు మించితే ఆ పుస్తకం మళ్లీ తెరవరు. ఒకే గుర్తు మూడు వారాలు వరసగా కనిపిస్తే వచ్చే వారం మొత్తం దాని మీదే పని. నాకు మొదటి నెలంతా "ఆ", "గొ" ఈ రెండే.

పుస్తకం మొదటి పేజీలో మీ టాప్ మూడు తప్పులు రాసి పెట్టుకోండి. ఏదైనా పంపేముందు ఆ మూడింటి కోసమే మూడుసార్లు చదవండి, ఒక్కోసారి ఒక్కో తప్పు కోసం. అన్నీ ఒకేసారి వెతికితే ఏదీ కనిపించదు.

10. ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

క్లాసంతా కబుర్లలో పోతోంది. క్లాసు మొదలవగానే డాక్ తెరిచి స్క్రీన్ షేర్ మీరే చేయండి. తెర మీద మీ రాత ఉంటే మాట దాని చుట్టూనే తిరుగుతుంది.

ట్యూటర్ మళ్లీ తిరగరాయడం మొదలుపెట్టారు. చాలామందికి అది మంచితనమే, సహాయం చేస్తున్నామనుకుంటారు. "సర్, జవాబు తర్వాత చెప్పండి, ముందు నన్నొకసారి ప్రయత్నించనివ్వండి" అని అడగండి. రెండుసార్లు అడిగినా మారకపోతే ట్యూటర్‌ని మార్చండి.

పేజీ నిండా ఎరుపు. మొదటి రెండు వారాల్లో ఇది చూసి మానేసేవాళ్లు చాలామంది. ఈ వారం రెండు రకాల తప్పులే గుర్తించమని అడగండి. మిగతావి ఎక్కడికీ పారిపోవు.

అన్నిటికీ "గుడ్, వెరీ గుడ్". అయితే మీ రాత నిజంగా బాగుండాలి, లేదా ఆయన చదవకుండా ఉండాలి. ఒకసారి కావాలనే ఒక తప్పు పెట్టి పంపండి, తేలిపోతుంది.

ట్యూటర్ కామెంట్లు ఏఐ రాసినట్టున్నాయి. క్లాసులో ఒక కామెంటు చూపించి "దీనికి ఇంకో ఉదాహరణ చెప్పండి" అనండి. తను రాసిన కామెంటైతే వెంటనే చెబుతారు.

మీరే ఏఐతో రాయించి పంపుతున్నారు. ఈ సంగతి ట్యూటర్‌కి తెలియకపోవచ్చు, మీకు తెలుసు కదా. ఏఐని వాడాలనుకుంటే రెండో డ్రాఫ్టు అయ్యాకే వాడండి. అదీ "దిద్దు" అని అడగకుండా, "ఇందులో ఆర్టికల్ తప్పులు ఎన్ని ఉన్నాయో అంకె మాత్రమే చెప్పు" అని అడగండి. ఆ అంకె కూడా ఒక్కోసారి తప్పు చెబుతుంది, అయినా వెతకడం మాత్రం మీరే వెతుకుతారు.

బరువైన మాటల మోజు. ఐఈఎల్‌టీఎస్ వాళ్లకి ఇది ఎక్కువ. బట్టీ పట్టిన పెద్దమాట చోటు కాని చోట పడితే, పట్టుపంచె మీద టీషర్టు వేసుకున్నట్టుంటుంది. కొత్త మాట ఏదైనా, అది వాడిన మూడు వాక్యాలు చదివాకే మీ వాక్యంలోకి రానివ్వండి.

ఈ వారం రాయలేదు, క్లాసు వాయిదా వేద్దామా? వద్దు. ఒకసారి వాయిదా వేస్తే వరసగా మూడు వారాలు పోతాయి. క్లాసులోకి ఖాళీ చేతులతోనే వెళ్లి, ఆవిడ ఎదుటే ఇరవై నిమిషాలు కూర్చుని రాయండి. నేను రెండుసార్లు అలాగే చేశాను. సిగ్గేసింది, కానీ రాత వచ్చింది.

11. ఎప్పుడు ఆపాలి

పన్నెండో వారంలో, రెండో మెట్టులో దాచిన శాంపిళ్లు చూడకుండా అవే మూడు విషయాల మీద మళ్లీ రాయండి. అంతే టైము, అవే షరతులు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ట్యూటర్‌ని గుర్తులు వేయమనండి.

☐ టాప్ మూడు తప్పుల్లో రెండైనా సగానికి తగ్గాయా?
☐ ట్యూటర్ గుర్తు వేయకముందే మీ తప్పులు కొన్నయినా మీకే కనిపిస్తున్నాయా?
☐ ఒకటో మెట్టులో కాగితం మీద రాసుకున్న వాక్యం నిజమైందా?

మూడూ అవునంటే వారం క్లాసు మానేసి, నెలకి ఒక్కసారి మెయిలో వ్యాసమో చూపించుకోండి. రెండు అవునంటే ఇంకో ఆరు వారాలు, కానీ కాదన్న ఆ ఒక్కదాని మీదే. ఒక్కటే అవునంటే గూగుల్ డాక్‌లో పాత వారాలు వెనక్కి తిప్పి, రెండో డ్రాఫ్టులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. పన్నెండూ ఉంటే ట్యూటర్‌ని మార్చండి. నాలుగో అయిదో ఉంటే ట్యూటర్‌ని అలాగే ఉంచి, ఈ సోమవారం నుంచి మళ్లీ మొదటి వారం అనుకోండి.